గంట కింద రాజుగారు

రండమ్మా రండి, ముందుకు జరిగి కూర్చోండి! ఆ మూల వక్కలు కొరికేవాళ్ళు, కాసేపు దవడలకి సెలవివ్వండి. ఓ పిన్నీ, మీ కోడలి సంగతి రేపు చెబుదువుగాని, ఆ అమ్మాయి ఎక్కడికీ పోదు. పిల్లలూ, గిల్లుకోవడం అయిపోయిందా? అయితే నోళ్ళు మూసి చెవులు తెరవండి. మన కథ సంపెంగ దేశం కోటగుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఇంకా నిలబెడితే పాపం దాని కాళ్ళు పీకుతాయి.

నిన్న రానివాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతా. సంపెంగ దేశాన్ని ఏలే ధవళకేతు మహారాజుని పొగమల్లుడనే మాంత్రికుడు పట్టుకున్నాడు. పట్టుకుని ఎక్కడ దాచాడు? సంత నడుమ నేలకి మూరెడెత్తులో వేలాడే గజగంట ఉంది చూశారూ, దాని గొలుసు తెంపి, గంప కింద కోడిని మూసినట్టు రాజుగారి మీద బోర్లించేశాడు. రాణిగారు అంతకు ముందే కాలం చేశారు. పసివాడైన రాజకుమారుణ్ణి దాది గవరమ్మ చాప చుట్టలో పెట్టి, ఓడెక్కించి, సముద్రం దాటించింది. ఆ పసివాడు ఇప్పుడు మీసం వచ్చిన మగాడై, కర్పూరం అమ్ముకునే పరదేశి వేషంలో సొంత ఊరికి తిరిగొస్తున్నాడు. పేరు శరభకేతు. నోరు తిరగట్లేదా? నాకూ తిరగదు. శరభుడు అందాం.

సరే, అసలు సంపెంగ దేశమంటే ఏమనుకున్నారు మీరు? అక్కడున్న వింతలు ఏడేడు లోకాల్లోనూ లేవు! రాజధాని తుమ్మెదకోటలో ఆకాశబురుజని ఒకటి ఉండేది. దాని మీదకి కాపలా ఎక్కినవాడు నల్లగడ్డంతో ఎక్కి తెల్లగడ్డంతో దిగేవాడు. అంత ఎత్తు! పైన సూర్యుడు పక్కింటాయన లెక్క. కావలివాడు పొయ్యి రాజెయ్యకుండానే ఎసరు పెట్టుకునేవాడు. వెండేటి మీద ఏనుగుల వంతెన ఉండేది. పెళ్ళివారు ఈ గట్టున బయల్దేరి ఆ గట్టుకి చేరేలోపు పిల్ల పుట్టి బారసాల కూడా అయిపోయేది, వంతెన మీదే. మాటలబావి లోతు సంగతి చెప్పమంటారా? పొద్దున లోపలికి వంగి "ఓయ్" అని, పొలం పోయి, కలుపు తీసి, ఇంటికొచ్చి అన్నం తిని చెయ్యి కడుక్కుంటే అప్పుడు పలికేది "ఓయ్" అని. ఒక్కోసారి తాత పెట్టిన కేక మనవడికి వినపడేది. తాత పోయినా కేక మిగిలేది. ఆ బావి గట్టున కూర్చుని ముసలమ్మలు చెవులు పెట్టి వినేవాళ్ళంట, మావాడి గొంతేమైనా వస్తుందేమోనని.

ఆ దేశం మనుషులకి ఒక ఆచారం. దారిలో ఇద్దరు ఎదురైతే, పేరు అడిగే ముందు గొప్ప కలపాలి. "మా ఊరి వంతెన ఇంత" అని ఒకడంటే, "ఓస్, మా ఊరి బావి అంత" అని రెండోవాడు ఇంకో జానెడు పెంచి చెప్పాలి. ఎవరైనా తగ్గించి చెప్పారా, పక్కనున్నవాడు ఊరుకోకూడదు, పెంచి తీరాలి. ఊరుకున్నవాడికి పిల్లనిచ్చేవాళ్ళు కాదు.

శరభుడు ఆ వింతలేవీ సరిగ్గా చూడలేదు. చూసే వయసు రాకముందే ఓడెక్కేశాడు. సముద్రం అవతల, తాటాకు గుడిసెలో, అన్నం తిననని మారాం చేస్తే గవరమ్మ ముద్దకో గొప్ప చెప్పి తినిపించేది. అందుకే ఏనుగుల వంతెన తలుచుకుంటే వాడికి పెరుగన్నం రుచి తగిలేది. మాటలబావంటే పప్పుముద్ద. ఆకాశబురుజంటే పచ్చిపులుసు. వాడి దేశమంతా వాడి నాలిక మీదే ఉంది. ఒక్క గజగంట మాత్రం వాడు కళ్ళతో చూశాడు, చేత్తో ముట్టుకున్నాడు. అది వాడి సొంత జ్ఞాపకం. దాని సంగతి ఎవరికీ చెప్పలేదు, గవరమ్మకి కూడా.

ఇప్పుడు చూడండి, శరభుడూ, వెంట వచ్చిన గవరమ్మా, ఇద్దరూ కోటగుమ్మం ముందు నిలబడ్డారు. ఏముంది అక్కడ? పొగ! కుంపటి మీద తడికట్టె పెట్టినట్టు, ఊరంతా బూడిదరంగు పొగ. బురుజు లేదు, వంతెన లేదు, బావి లేదు. ఉన్నాయి, కానీ కనపడవు. సంపెంగ తోటల మీద, మేడల మీద, పావురాల గూళ్ళ మీద పొగ దుప్పటి కప్పుకుని పడుకుంది. ఎండ అన్నదే ఎరగని జనం పాలిపోయిన మొహాలతో తలొంచుకుని తిరుగుతున్నారు. ఎవరూ ఎవరితోనూ గొప్ప కలపట్లేదు. కలిపితే తల తీసేస్తానని పొగమల్లుడి చాటింపు.

ఎందుకా చాటింపు? వచ్చే దారిలో ఓడ ఆగిన ఒక దీవి మీద, ఎవరో యోగిని శరభుడికి చెప్పిన రహస్యం అదే. "బాబూ, ఆ పొగలో పడ్డ వస్తువుకి సొంత కొలత ఉండదు. ఆ దేశంలో ఎవరు ఎంతంటే అంతవుద్ది. ఎవరూ కాదనకపోతే ఆ మాటే నిలబడిపోద్ది." తెలిసిందా? వాడు వంతెనని బెత్తెడంటే, జనం నోరు మూసుకుంటే, అది బెత్తెడే! అలా ఊళ్ళకి ఊళ్ళని చిన్నవి చేసుకుంటూ వస్తున్నాడు వాడు.

గుమ్మం దగ్గర కావలివాడు, కొలతల కొండడని ఒకడు, చేతిలో తాడు పట్టుకుని వచ్చేపోయేవాళ్ళ మొహాలు పరీక్షగా చూస్తున్నాడు.

"అవ్వా," అన్నాడు శరభుడు మెల్లగా, "వాడేమన్నా నోరు మెదపకు."

"నేనెందుకు మెదుపుతాను నాయనా? నేనసలు మాట్లాడే మనిషినేనా?" అంది గవరమ్మ. ఓడ ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఆవిడ మాట్లాడని క్షణం లేదు.

అయినా ఎందుకైనా మంచిదని కొంగుముడి విప్పి, నువ్వుల జీడి ముద్దొకటి తీసి బుగ్గన పెట్టుకుంది. జీడంటే తెలుసుగా, ఒకసారి పళ్ళకి పట్టిందంటే యముడొచ్చి పిలిచినా పలకలేం.

కొండడు తాడు జాడించాడు. "ఏ ఊరు?"

"సముద్రం అవతలండీ. కర్పూరం అమ్ముకుంటాం. ఈవిడ మా అమ్మమ్మ, పుట్టుమూగ."

"అలాగా. ఇక్కడ ఏనుగుల వంతెనని ఒకటుందిలే. నా మొలతాడంత ఉంటుంది."

శరభుడి నోట్లో పెరుగన్నం రుచి పొంగుకొచ్చింది. మింగేశాడు. "ఉండే ఉంటుందండీ. మాకేం తెలుసు?"

"గొడుగులపాడని ఇంకో ఊరుంది. పెద్ద వానలంటారు గానీ, ఏడాదికో తుంపర. అదీ పిల్లి తుమ్మినట్టు."

అయిపోయింది! గొడుగులపాడు గవరమ్మ పుట్టిన ఊరు. అక్కడి వానకి చేపలు ఏటి దారి మర్చిపోయి వీధుల్లో తిరుగుతూ, తలుపు తట్టి దారి అడిగేవని ఆవిడ చెప్పని రోజు లేదు. ఆవిడ కళ్ళు గుండ్రంగా తిరిగాయి. బుగ్గలు ఉబ్బాయి. దవడలు విడదీయాలని చూసింది, జీడి విడవలేదు. కళ్ళెంట నీళ్ళు జలజలా రాలాయి.

"మూగావిడ ఏడుస్తోందేం?" అన్నాడు కొండడు అనుమానంగా.

"పుచ్చుపన్నండీ. జీడి అంటుకుంది."

"ముసలావిడకి జీడెందుకు పెడతారయ్యా, బుద్ధి లేకపోతే సరి! పోండి, పోండి."

గుమ్మం దాటి ముడుపుల వీధి మలుపు తిరిగాక గవరమ్మ వేలుతో జీడి పీకి పారేసి, రొప్పుతూ అంది. "పిల్లి తుమ్మినట్టా? వాడి గోచీ తడవా! వాడి ఇంటి చూరు కారా! నాయనా, రాజ్యం వచ్చాక వాణ్ణి నాకప్పగించు. మా ఊరు తీసుకుపోయి వాన్లో నిలబెడతాను."

నవ్వుకుంటూ సంతలోకొచ్చారు. మిట్టమధ్యాహ్నం. మధ్యాహ్నమన్న పేరే గానీ సూర్యుడు పొగచాటున కాగితం దీపంలా ఉన్నాడు. శనగలవాళ్ళు, గాజులవాళ్ళు, చెరుకుగడలు, మామిడి తాండ్ర, పలుపుతాళ్ళు, చిలకల పంజరాలు. అన్నీ ఉన్నాయి, అరుపులు లేవు. అరవని సంత ఎక్కడైనా చూశారా?

శరభుడు గంట కోసం వెతికాడు. లేదు. సంత నడుమ ఖాళీ నేల. కానీ వింత చూడండి! జనం ఆ ఖాళీ చోటు దాకా తిన్నగా వచ్చి, అక్కడ ఏదో అడ్డమున్నట్టు పక్కకి ఒదిగి, చుట్టూ తిరిగి పోతున్నారు. గేదె కూడా అంతే, తిరిగి పోయింది. మూటల మనిషిని ఆపి అడిగాడు, "ఏమయ్యా, తిన్నగా పోవచ్చుగా, ఎందుకట్లా చుట్టూ తిరిగావు?"

వాడు తన కాళ్ళకేసి చూసుకున్నాడు. "ఏమోనయ్యా. మా నాన్న ఇట్టాగే తిరిగేవాడు."

శరభుడు ఆ ఖాళీ నేలకేసి తిరిగాడు. తలలు మర్చిపోయాయి, కాళ్ళు మర్చిపోలేదు!

ఆ ఖాళీ చోటు అంచున ఒకావిడ చాప పరిచి అప్పడాలు ఆరేసి కూర్చుంది. అప్పడాల సూరమ్మ. విసనకర్రతో ఊపుతూ, తనలో తాను తిట్టుకుంటోంది.

"ఎండ లేని దేశంలో అప్పడాలమ్మే ఖర్మ నాకెందుకు పట్టిందో! మొన్న పెట్టినవి ఇంకా మెత్తగానే ఉన్నాయి. మెత్తవైతే మెత్తవి, ఉంటే చాలు. రోజూ కొన్ని మాయం! కాకులని తోలి తోలి భుజం పడిపోయింది."

"కాకులేవమ్మా ఇక్కడ?" అన్నాడు శరభుడు.

"కనపడవు నాయనా. అదే వాటి తెలివి."

ఆవిడ అటు తిరిగింది. ఇంతలో చాప చివరనున్న అప్పడం ఒకటి కదిలింది. గాలి లేదు. మెల్లగా, మెల్లగా జరిగి, ఖాళీ నేల అంచు దాటి, పొగలోకి పోయింది. శరభుడు వంగి చూశాడు. పొగలోంచి ఒక చెయ్యి! ఎముకలు తేలిన ముసలి చెయ్యి, వేలికి సంపెంగ మొగ్గ చెక్కిన ఉంగరం. అప్పడాన్ని పట్టుకుని లోపలికి లాగేసుకుంది. లోపల్నుంచి సన్నగా నమిలిన చప్పుడు.

గజగంట అంచున ఒక పెచ్చు ఊడిపోయి చెయ్యి పట్టేంత సందు ఉండేది. వాడికి తెలుసు! అది ఎక్కడుందో వాడికి తెలిసినంత ఎవరికీ తెలీదు. ఇంతకాలం వాళ్ళ నాన్న ఆ సందులోంచి చెయ్యి బయటపెట్టి పచ్చి అప్పడాలు తిని బతికాడన్నమాట!

"నాన్నా," అన్నాడు పెదాల మధ్యనే.

చెయ్యి మళ్ళీ బయటికొచ్చింది. వెతుక్కుంది. శరభుడు తన వేళ్ళు అందించబోయాడు. అంతలో బూరలు మోగాయి.

దడదడమని జనం రెండుగా చీలారు. పొగ సుళ్ళు తిరిగింది. అందులోంచి వచ్చాడయ్యా పొగమల్లుడు! మనిషి మోకాలెత్తు. కిరీటం మాత్రం నిలువెత్తు. గడ్డం పొగ, మీసం పొగ, దగ్గితే బూడిద. ఒంటి మీద గబ్బిలాల రెక్కలతో కుట్టిన అంగీ, భుజాన గదలా మోసుకొస్తున్న ఇత్తడి దుడ్డు. గద కాదది! గజగంట నాలుక. పీకేసి ఆయుధం చేసుకున్నాడు. అది తిరిగి గంటలో పడి ఒక్కసారి మోగితే దేశంలో పొగంతా ఎగిరిపోతుందని వాడికి తెలుసు, అందుకే పడుకునేటప్పుడు కూడా దాన్ని కౌగిలించుకునే పడుకుంటాడు.

వాడు అరుగెక్కాడు. "ఓ జనులారా! ఒకప్పుడు ఇక్కడ గంటొకటి ఉండేదంట. ఎంతుండేది?"

వాడు చుట్టూ ఒకసారి కలియజూశాడు.

"నేను చెప్తా వినండి. చెంబంత! మరచెంబు కూడా కాదు, పాలచెంబు! కాదనేవాళ్ళున్నారా?"

సంతంతా తల దించుకుంది. పొగ వణికింది. ఆ ఖాళీ చోటులోంచి ఇత్తడి ముడుచుకున్న చప్పుడు, కిర్రుమని. దాని వెనకే ఒక మూలుగు. శరభుడొక్కడికే వినపడింది ఆ మూలుగు. చాప పక్కనున్న చెయ్యి బిగుసుకుపోయింది, వేళ్ళు నేలని గీరుతున్నాయి. గంట ముడుచుకుపోతోంది! లోపల మనిషితో సహా!

నోరు తెరిస్తే వేషం బయటపడుతుంది. తల పోతుంది. తెరవకపోతే నాన్న పోతాడు. ఆలోచించాడా? మనవాడు ఆలోచించే రకం కాదు.

"చెంబేంట్రా నీ మొహం!" అని అరుగు అదిరేలా అరిచాడు. "గజగంట కింద పెళ్ళి పందిరి వేసి వెయ్యి విస్తళ్ళు పరిచేవాళ్ళు! గుర్రాలు ఆ చివర్నుంచి ఈ చివరికి పరిగెత్తితే నురగలు కక్కేవి!"

ఇత్తడి ముడుచుకోవడం ఆగింది. పొగమల్లుడు కళ్ళు చిట్లించాడు. "పట్టుకోండి వాణ్ణి! వాడు పరదేశి కాదు, ఈ మట్టివాడే!"

భటులు మీద పడ్డారు. చేతులు వెనక్కి విరిచారు. కత్తి మెడ మీదకొచ్చింది. అయిపోయిందనుకున్నారా? ఆగండి. జనంలోంచి ఒక ముసలాయన, శనగల తట్ట నెత్తిన పెట్టుకున్న కోటప్ప, ముందుకొచ్చాడు.

"తప్పు చెప్పావు అబ్బాయ్," అన్నాడు. "గుర్రాలా? ఏనుగులు! ఏనుగులే అలిసిపోయేవి!"

ఎన్నేళ్ళకి కలిసిన గొప్ప అది! ఆ మాట ఎండుగడ్డి మీద నిప్పురవ్వలా పడింది. గాజులావిడ లేచింది. "ఏనుగులేంటి బాబాయ్, గంట నీడలో మూడు పంటలు పండేవి!" తాండ్రవాడు అరిచాడు. "దాని మోతకి పక్కదేశంలో రాజులు నిద్రలేచేవాళ్ళు! వాళ్ళకి కోళ్ళే ఉండేవి కాదు!" భటుల్లో ఒకడు కత్తి దించేసి, "మా తాత చెప్పేవాడు, దాని అంచు తుడవడానికి వెళ్ళినవాడు తిరిగొచ్చేసరికి మొదలుపెట్టిన చోట మళ్ళీ దుమ్ము పట్టేదంట!" అన్నాడు. అందరూ ఒకేసారి! ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు, ఒకళ్ళ భుజం ఒకళ్ళు చరుచుకుంటున్నారు. సంత సంతలా మోగింది.

పొగలోంచి గంట బయటపడింది. మొదట గుమ్మమంత. తర్వాత గుడిసంత. తర్వాత, అమ్మ బాబోయ్, మేడంత! పెరుగుతోంది, పెరుగుతోంది! చెరుకుగడలు ఫెళఫెళా విరిగాయి. చిలకల పంజరాలు దొర్లాయి. సూరమ్మ అప్పడాల చాపతో సహా వెనక్కి జరుగుతూ, "ఓరి దేవుడో, ఇది నా మీదకొస్తోందే!" అని కేకలు. నాన్న చెయ్యి కనపడిన సందు కూడా పెరిగి పెరిగి కోట తలుపంత అయింది, మళ్ళీ బరువుకి మట్టిలో కూరుకుపోయింది. నేల బీటలు వారింది. గంట దిగబడిపోతోంది!

పొగమల్లుడు పడీ పడీ నవ్వాడు, దగ్గుతూ, బూడిద రాలుస్తూ. "పెంచండి! ఇంకా పెంచండి! మీ నోళ్ళే మీ రాజుని పాతేస్తున్నాయి! మీరు తగ్గించి చెప్పలేరురా, మీ రక్తంలోనే లేదు!"

నిజమేనండీ. అదే వాళ్ళ జబ్బు.

శరభుడు భటుల చేతుల్లోంచి విడిపించుకుని గంట మీదకి ఎగబాకాడు, రెండు చేతులూ ఎత్తాడు. "ఆగండి! గంట అంత లేదు! చిన్నది! చాలా చిన్నది!"

కోటప్ప మొహం ఎర్రబడింది. "చిన్నదా? ఇందాక పెంచి ఇప్పుడు తగ్గిస్తావా? ఎవడ్రా నువ్వు?"

"వేగువాడు!" "పొగమల్లుడి మనిషి!" శనగలు విసిరారు, తాండ్ర విసిరారు. ఒక గాజుల పెట్టె వచ్చి నుదుటికి తగిలింది. శరభుడు కదల్లేదు. కాళ్ళ కింద గంట ఇంకో జానెడు దిగింది.

"నేను ధవళకేతు కొడుకుని," అన్నాడు. "శరభుణ్ణి. ఈ గంట కింద మా అమ్మతో కూర్చున్నవాణ్ణి. నా మాట వినండి, తర్వాత చంపుకోండి."

విసరబోయిన చేతులు ఆగాయి.

"ఒకరోజు వానొచ్చింది. నేను దాగుడుమూతలాడుతూ గంట కింద దూరాను. అమ్మ వెతుక్కుంటూ వచ్చి, తడిసిపోయి, తనూ దూరింది. ఇద్దరికీ చోటు చాల్లేదు. గొంతుకూర్చుంటే నా మోకాళ్ళు అమ్మ మోకాళ్ళకి తగిలాయి. అమ్మ తల వంచుకుంటేనే పట్టింది. జడలో సంపెంగలు తడిసి, ఆ ఇత్తడి వాసన, ఆ పూల వాసన... పైన వాన పడుతుంటే గంటంతా తుమ్మెదలా జుమ్మంది. అంచున పెచ్చూడిన సందులోంచి నా చెయ్యి బయటపెట్టించింది అమ్మ. వాన పట్టుకోమంది. ఆ సందులో నా చెయ్యే పట్టింది, అమ్మ చెయ్యి పట్టలేదు, గాజులు అడ్డమొచ్చాయి. 'గంట ఇంకా పెద్దదైతే బాగుండునమ్మా' అన్నాను. అమ్మ ఏమందో తెలుసా? 'పెద్దదైతే నువ్వు ఆ మూలకి పోయి కూర్చునేవాడివి. ఇంతే కాబట్టి నన్ను ఆనుకుని కూర్చున్నావు' అంది."

కోటప్ప తట్ట దించాడు. తుండుతో మొహం తుడుచుకున్నాడు, ఎక్కువసేపే తుడుచుకున్నాడు.

"మా నాన్న భుజాలెక్కితే," అన్నాడు చిన్నగా, "నా చెయ్యి దాని నెత్తికి అందేది. నున్నగా, చల్లగా ఉండేది."

గాజులావిడ అంది, "కొత్తగా పెళ్ళయ్యాక మా ఆయనా నేనూ దాని చెరో పక్కా నిలబడి చేతులు చాపాం. వేళ్ళు కలిశాయి. అందరూ చూస్తున్నారని సిగ్గేసి వదిలేశాను."

"ఎండాకాలం దాని నీడలో ఒక్క కుక్క పడుకునేది," అన్నాడు భటుడు. "రెండో కుక్కకి చోటుండేది కాదు."

ఎవరూ కాదనలేదు. ఆ దేశం పుట్టాక మొదటిసారి, ఒకడు తగ్గించి చెబితే పక్కవాడు పెంచలేదు. గంట మెల్లగా, ఊపిరి వదిలినట్టు, చిన్నదవడం మొదలుపెట్టింది. మేడంత పోయి గుడిసంత, గుడిసంత పోయి...

పొగమల్లుడికి చెమటలు పట్టాయి. "చెంబంత!" అని అరవడానికి నోరు పూర్తిగా తెరిచాడు. ఇప్పుడు వాడా మాటంటే, చిన్నవైపు ఒరిగున్న గంట చెంబంతకీ దిగిపోయేదే! "చెం..." అన్నాడు.

అంతే. వెనకనుంచి మన గవరమ్మ! కొంగుముడిలో మిగిలిన జీడంతా ముద్ద చేసి వాడి నోట్లో కుక్కి, గడ్డం కిందనుంచి దవడ పైకి నొక్కేసింది. "పిల్లి తుమ్మినట్టా? చెప్పు ఇప్పుడు! చెప్పరా, పిల్లి తుమ్మినట్టా?" పాపం, ఆ మాటన్నది వీడు కాదు, కొండడు. ఆవిడకంత తేడా లేదు. వాడు "ఉమ్, ఉమ్" అంటున్నాడు, పళ్ళు విడిపడవు, మంత్రమూ రాదు.

గంట ఆగింది. పెచ్చూడిన అంచుతో, సరిగ్గా తన కొలతలో, సంత నడుమ బుద్ధిగా కూర్చుంది. శరభుడు కిందకి దూకాడు. "రోకళ్ళు తీసుకురండి!" వడ్లు దంచేవాళ్ళు రోకళ్ళు పట్టుకొచ్చి అంచు కింద దూర్చారు. ఒక ఊపు! ఇంకో ఊపు! గంట పక్కకి ఒరిగింది. కింద, గొంతుకూర్చుని, తెల్లటి గడ్డం నేలని తాకుతుండగా, చేతిలో సగం తిన్న అప్పడంతో ధవళకేతు మహారాజు.

ఆయన కళ్ళు చిట్లించి కొడుకుని చూశాడు.

"వాన పడుతోందా?" అన్నాడు.

"లేదు నాన్నా."

"మీ అమ్మ చెప్పిందంతా లోపలికి వినపడింది," అన్నాడు ఆయన. "అదే, నువ్వు చెప్పింది." కొడుకు ఆయన్ని పసిపిల్లాడిలా ఎత్తుకున్నాడు. అప్పడాలు తిని బతికినవాడికి బరువేముంటుంది?

సూరమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది. "కాకి కాదా? రాజుగారా? పచ్చివే తిన్నావా నాయనా? ఒక్క మాటంటే వేయించి పెట్టేదాన్ని గదా!"

ఇంతలో వెనక పెద్ద శబ్దం. పొగమల్లుడు తన గబ్బిలం అంగీని గవరమ్మ చేతుల్లో వదిలేసి, ఒళ్ళంతా పొగ సుడి చేసుకుని, గంట నాలుకని కావలించుకుని గాల్లోకి లేచాడు. సంత చివర పొగ చిరిగిపోయి, అంతవరకూ కనపడని ఆకాశబురుజు నల్లగా, నిటారుగా బయటపడింది. వాడు దాని పైకిటికీలో దూరాడు. ఆ నాలుక దొరక్కపోతే గంట మోగదు. గంట మోగకపోతే పొగ పోదు.

"అదిగో బురుజు! ఆకాశబురుజు!" జనం వేళ్ళు చూపించారు. నోళ్ళు ఊరుకుంటాయా? ఇందాక తగ్గించి చెప్పినందుకు అప్పుడే నాలికలు దురద పెడుతున్నాయి వాళ్ళకి.

"మబ్బులు దాని నడుముకే తగిలేవి!" అన్నాడు తాండ్రవాడు.

"నడుమేంటి, మోకాలికి!" అన్నాడు కోటప్ప.

"ఆపండర్రా, మీకు పుణ్యముంటుంది!" అని శరభుడు మొత్తుకున్నాడు. ఎవరు వింటారు? బురుజు జర్రున పెరుగుతోంది, కిటికీలో మాంత్రికుడు చిన్న చుక్కైపోతున్నాడు. ఇంక మాటలతో లాభం లేదు. నాన్నని గవరమ్మకి అప్పగించి, పంచె ఎగ్గట్టి, మొలలో దాచిన బాకు తీసి పళ్ళ మధ్య కరిచిపట్టి, రాళ్ళ సందుల్లో వేళ్ళు దూర్చి, తనకంటే వేగంగా పైకి పోతున్న గోడని పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. కాళ్ళ కింద సంత అరచేయంత అయింది. పైనుంచి నిప్పులు కక్కే గబ్బిలాలు గుంపుగా దిగుతున్నాయి. కింద జనమంతా ఊపిరి బిగబట్టారు.

అప్పుడు, ఆ నిశ్శబ్దంలో, అప్పడాల సూరమ్మ చాప చుట్టి చంకన పెట్టుకుని, బురుజు మొదట్లోకి పరిగెత్తుకొచ్చి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పైకి కేకేసింది.

"ఓ చిన్నరాజుగారూ! ఎలాగూ పైకి పోతున్నారు గదా, ఒక్క అడుగు దిగి ఈ అప్పడాలు పట్టుకుపోండి! అక్కడ సూర్యుడు దగ్గరంట, తొందరగా ఎండుతాయి!"